నోరు లేని తాబువా

సువా
9 నవంబరు 1969

మామయ్యకు,

ఏడాదికోసారి క్రిస్మసుకు వచ్చే ఉత్తరం నవంబరులోనే వచ్చిందేమిటని కంగారు పడకండి. నేను బాగానే ఉన్నాను. ఆసుపత్రిలో నన్ను పిల్లల వార్డు నుంచి ముసలివాళ్ళ వార్డుకు మార్చారు. పిల్లలు ఏడిస్తే ఎత్తుకోవచ్చు. ముసలివాళ్ళు ఏడిస్తే ఏం చెయ్యాలో మాకెవరూ నేర్పలేదు.

మొన్న పొద్దున ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "ఎవరి పిల్లవే నువ్వు? మీ అమ్మది ఏ ఊరు?" అని అడిగింది. వతుసిగా దీవి అన్నాను. "మంచి ఊరు. ఇప్పుడు బ్రెడ్‌ఫ్రూట్ కాపు ఎలా ఉంది అక్కడ?" అంది. తెలియదన్నాను. "మీ అమ్మమ్మ ఇంటి గుమ్మం ఎటు వైపు?" అంది. అదీ తెలియదన్నాను. ఆవిడ నన్ను కాసేపు చూసి, పాపం, చెయ్యి నిమిరి వదిలేసింది. ఆ నిమరడం నాకు ఇంకా మంటగా ఉంది మామయ్యా.

నాకు ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి. అమ్మ పోయి మూడేళ్ళయింది. ఆమె ఆఖరి నెలలో నన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది, "అమ్మా" అని పిలిచేది. నన్నేమో అనుకుని పలికేదాన్ని. ఒకరోజు, "నువ్వు కాదే, మా అమ్మ" అంది. అందుకే అడుగుతున్నాను. జనవరి ఆఖరున నాకు మూడు వారాల సెలవుంది. జూన్, జూలై సెలవులు పెద్ద నర్సులు పంచేసుకుంటారు, నాలాంటి వాళ్ళకు ఎప్పుడూ వానాకాలమే మిగులుతుంది. వచ్చి అమ్మమ్మను చూడనా? ఎక్కడైనా పడుకుంటాను. ఎవరికీ బరువు కాను.

అత్తయ్యకు నా ముద్దులు చెప్పండి.

మీ మేనకోడలు
మకెలేసి


వతుసిగా
2 డిసెంబరు 1969

మకెలేసికి,

నీ ఉత్తరం చేరింది. దారిలో చెమ్మకి అక్షరాలు ఒకదాన్నొకటి కావలించుకున్నాయి. మీ అత్తయ్య తోరికా దాన్ని పొయ్యి మీద ఆరబెడితే అంచు కాలింది. ఆరింది, చదివాను, వాసన మాత్రం ఎండుచేపలా ఉంది.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. చాపలకు బూజు, కట్టెలకు చెమ్మ, పాదిరిగారికి దగ్గు. ఆదివారం ఆయన నోవహు ఓడ మీద ప్రసంగం ఎత్తుకున్నాడు. ప్రార్థన మందిరం కప్పు కారుతుంటే జనం తలెత్తి దేవుణ్ణి చూస్తున్నారో చిల్లుల్ని చూస్తున్నారో చెప్పలేకపోయాను.

అసలు సంగతికొస్తాను. ఈ కాలంలో రావద్దు. డిసెంబరు నుంచి మార్చి దాకా మా పగడపు దిబ్బలో ఉన్న ఒకే ఒక్క సందులో కెరటాలు ఎప్పుడు లేస్తాయో మాకే తెలియదు. ఓడ బయటే ఆగుతుంది. చిన్న పడవలో దిగాలి. పట్నం పిల్లవి, నీకా పని తగదు.

రెండోది, నువ్వు వచ్చే పద్ధతి అది కాదు. మన ఆడపిల్ల కన్న బిడ్డ మొదటిసారి ఈ ఊరి నేల మీద కాలు పెట్టాలంటే, తండ్రి తరఫు వాళ్ళు తాబువా పట్టుకు రావాలి. చాప మీద కూర్చుని, ఫలానా బిడ్డ ముఖాన్ని మీ ముందుకు తెచ్చాం అని చెప్పాలి. మేము దంతాన్ని అందుకుని సరే అనాలి. తిమింగలపు పన్ను లేకుండా వచ్చిన ముఖాన్ని మేము చూడకూడదు. నువ్వు ముప్పై నాలుగేళ్ళదానివే కావచ్చు, మా లెక్కలో ఇంకా ముఖం తేలని పసిపాపవే.

మీ నాన్న మా చెల్లెల్ని ఎవరికీ చెప్పకుండా తీసుకుపోయాడు. తప్పయిందని చెప్పడానికి కూడా రాలేదు. మా నాన్న పోయే రోజు నా మణికట్టు పట్టుకుని, "ఆ మనుషులు దంతం తెచ్చి తల వంచేదాకా ఆ ఇంటివాళ్ళెవరూ ఇక్కడ అడుగు పెట్టకూడదు" అన్నాడు. నేను ఊఁ అన్నాను. ఊఁ అన్నవాడినే ఇప్పుడు ఇంటి పెద్దను. అది నా మీదుంది.

మీ నాన్న లేడు, నిజమే. ఆయన అన్న ఉన్నాడుగా. జూన్‌లో సముద్రం చాప పరిచినట్టుంటుంది. ఆయన్ని వెంటబెట్టుకుని రా. పందిని కోస్తాను.

అమ్మమ్మ బాగానే ఉంది. రోజూ నన్ను తిడుతూనే ఉంది.

మామయ్య
సకియూసా


సువా
28 డిసెంబరు 1969

మామయ్యకు,

మీ ఉత్తరం అందిన మర్నాడే రేవుకు వెళ్ళి, మీ దీవికి వచ్చే కొబ్బరి ఓడ గుమాస్తా సామిసోనిని కలిశాను. అమ్మమ్మకు ఒక శాలువా పంపుదామని అడిగితే, "శాలువా ఎందుకమ్మా, ఆవిడ కాళ్ళు వాచి ఆగస్టు నుంచి చాప దిగలేదు. రెండు కళ్ళూ పోయాయి. మీకు తెలీదా?" అన్నాడు.

నాకు తెలియదు మామయ్యా. నాకు తెలిసిందల్లా ఆవిడ మిమ్మల్ని రోజూ తిడుతోందని. ముసలివాళ్ళ వార్డులో పని చేసేదాన్ని, కాళ్ళ వాపు అంటే ఏమిటో, చాప దిగకపోవడం అంటే ఏమిటో నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. జూన్ దాకా ఆగమని మీరు తేలిగ్గా రాశారు.

సెలవు రోజున బస్సెక్కి, రా అనే జిల్లాలో ఉన్న మా పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. మీరు చెప్పినదంతా చెప్పాను. ఆయన గంటసేపు తల గోక్కుని, ఇంటి దూలానికి వేలాడుతున్న తాబువాను దించి నా ఒళ్ళో పెట్టాడు. "సముద్రం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయే అమ్మాయ్. దంతం నేనిస్తా. నోరు నువ్వే వెతుక్కో" అన్నాడు. ఎంత బతిమాలినా కదల్లేదు.

నా తరఫున మాట్లాడే నోరు ఇంకెక్కడ వెతకను? ఈ ఉత్తరమే నా నోరు. దంతాన్ని బిస్కెట్ల డబ్బాలో పెట్టి సామిసోని చేతికిస్తున్నాను. ఉత్తరం మాత్రం పద్ధతిగా తపాలా సంచిలో వేస్తున్నాను, రెండూ ఒకే ఓడలో వస్తాయి. మా పెదనాన్న తరఫున, పోయిన మా నాన్న తరఫున చెబుతున్నాను: తప్పయింది. మా అమ్మను చెప్పకుండా తీసుకుపోవడం తప్పయింది. ఆమె కూతురి ముఖాన్ని మీ ముందుకు తెస్తున్నాం, చూడండి. మాటలు వరసలో లేకపోతే మన్నించండి, వీటిని నాకు ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడైనా రమ్మంటారా?

మకెలేసి


వతుసిగా
20 జనవరి 1970

ఈ ఉత్తరం విప్పుతున్న వారికి,

మీరెవరో నాకు తెలియదు. మా మేనకోడలు మకెలేసి ఉన్న ఇంటి చిరునామా ఇదొక్కటే నా దగ్గరుంది. ఇంటి యజమాని కావచ్చు, తోటి నర్సు కావచ్చు. దయచేసి ఉత్తరం చింపేయకండి.

పదో తారీకున కొబ్బరి ఓడ వచ్చింది. ఎప్పుడూ వచ్చే గుమాస్తా సామిసోనికి జ్వరమట, కొత్తవాడొచ్చాడు. తపాలా సంచిని పొరపాటున పక్క దీవిలో దింపేశాడు. ఒక బిస్కెట్ల డబ్బా మాత్రం నా చేతికిచ్చి, "సువాలో నర్సు మకెలేసి ఇంటి నుంచి" అన్నాడు. ఇంకేమైనా చెప్పారా అంటే ఏమీ చెప్పలేదన్నాడు. వానలో నిలబడి విప్పాను. లోపల తాబువా ఉంది.

మీరు మన మనుషులే అయితే ఇంకేం చెప్పక్కర్లేదు. బతికున్నవాళ్ళు దంతాన్ని మనిషితో పంపిస్తారు, మాటతో పంపిస్తారు. మాట లేకుండా వచ్చిన దంతానికి అర్థం ఒక్కటే. పంపినవాళ్ళకు నోట మాట రాని కబురు అది. డబ్బాను తలకెత్తుకుని ఇంటికి వచ్చాను. మా ఆవిడ గుమ్మంలో నన్ను చూసి, అడక్కుండానే కూలబడింది.

నాలుగు రోజులు ఊరంతా పనులు మానేసింది. ఆడవాళ్ళు మా ఇంట్లోనే ఉండి ఏడ్చారు. ఆమె ముఖం ఒక్కరూ ఎరగరు. ఏడవడానికి పేరు తప్ప ఏమీ లేక, వాళ్ళమ్మ సలసేని పేరు కలిపి ఏడ్చారు. వాళ్ళమ్మ పోయినప్పుడు కబురు రెండు నెలలు ఆలస్యంగా వస్తే మేము సరిగా ఏడవనే లేదు, ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఏడ్చారు.

మా అమ్మకు చెప్పొద్దనుకున్నాం. గుడ్డిదే గాని చెవిటిది కాదుగా. ఆ రోజు నుంచి గంజి కూడా తాగడం లేదు. "ఎత్తెంత ఉంటుందిరా ఆ పిల్ల? నవ్వితే ఎలా ఉండేది?" అని నన్నే అడుగుతోంది. నేనేం చెప్పను? మీకు తెలిస్తే ఒక ముక్క రాయండి. పొడుగా, పొట్టా, నలుపా, ఎర్రనా, ఏదైనా సరే. ఎలా పోయిందో, వాళ్ళమ్మ పక్కన పూడ్చారో లేదో కూడా రాయండి.

నవంబరులో ఆమె రానా అని అడిగింది. ఎక్కడైనా పడుకుంటానంది. నేను ఆచారం, సముద్రం, జూన్ అని మూడు పేజీలు రాశాను. రా అన్నది ఒక్క అక్షరం. దాన్ని రాయలేకపోయాను. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. మీరెవరో తెలియని మనిషి కాబట్టి ఈ మాట చెప్పగలుగుతున్నాను.

సకియూసా,
ఆమె మేనమామ


వతుసిగా
3 ఫిబ్రవరి 1970

మకెలేసికి,

పోయినదానికి ఉత్తరం రాయడం నాకిదే మొదటిసారి.

పక్క దీవిలో దిగిన తపాలా సంచి నిన్న ఇక్కడికి చేరింది. అందులో నీ ఉత్తరం ఉంది. డిసెంబరు తారీకు చూసి, పోకముందు రాసిందనుకుని మీ అత్తయ్య చదవకముందే మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది. చదివాను. రెండోసారి చదివాను. అమ్మ దగ్గరికెళ్ళి, "అది బతికే ఉందే, దంతం పంపింది, అంతే" అన్నాను. ఆవిడ నా చేత అదే మాట మళ్ళీ చెప్పించుకుంది. తరవాత గంజి అడిగింది.

దేవుడికి స్తోత్రం. ఆ మాట ముందు చెప్పి ఇప్పుడు తిడతాను. తాబువాను బిస్కెట్ల డబ్బాలో పెట్టి పార్సిలు చేస్తారటే ఎవరైనా? అదేమన్నా సబ్బుబిళ్ళా? నీ మూలంగా ఊరు ఊరంతా నాలుగు రోజులు బతికున్నదానికి ఏడ్చింది. రెండు పందులు పోయాయి. పిలిచిన బంధువులకు ఇప్పుడు ఏ ముఖంతో చెప్పను? మీ అత్తయ్య వాళ్ళన్న, "ఏం బావా, మళ్ళీ ఎప్పుడు చస్తుందట మీ కోడలు? ముందే చెబితే ఖాళీ కడుపుతో వస్తాం" అని పరిహాసం మొదలుపెట్టాడు. ఈ దీవి మీద ఆ మాట నేను చచ్చేదాకా వినాలి.

దంతాన్ని అదే డబ్బాలో పెట్టి కొబ్బరి కొట్టంలో ఉంచాను. చావుకని అందుకున్నదాన్ని ముఖానికని ఉంచుకోలేను. నోరు లేకుండా వచ్చినదాన్ని అందుకోనూ లేను, తిప్పి పంపనూ లేను. నీ ఉత్తరంలో మాటలు బాగానే ఉన్నాయి. కాని కాగితం చాప మీద కూర్చోలేదు, తల వంచలేదు. ఉత్తరాన్ని ఒప్పుకుంటే రేపు ప్రతివాడూ తపాలా బిళ్ళ అంటించి ఊరుకుంటాడు.

నేను జనవరిలో ఎవరికో ఒక ఉత్తరం రాశాను. నీ చేతికొస్తే చదవకు. దుఃఖంలో మనిషి ఏదో రాస్తాడు. వానాకాలంలో రావద్దు. జూన్‌లో మీ పెదనాన్నను, కళ్ళు తిరిగితే తిరిగాయి, తాళ్ళతో కట్టయినా తీసుకురా. అమ్మ గంజి తాగుతోంది, ఆగుతుంది.

మిషను పడవ ఇప్పుడు సువాకు పోతోంది, దీన్ని ఇచ్చి పంపుతున్నాను.

మామయ్య


సువా రేవు
7 ఫిబ్రవరి 1970

మామయ్యకు,

ఈ ఉత్తరం నేనెక్కిన ఓడలోనే, నా కాళ్ళ కిందున్న సంచిలో వస్తోంది. ఈసారి మాట లేకుండా ఏదీ రాకూడదని రాస్తున్నాను.

నేను పోయానని మీరు రాసిన ఉత్తరం ఇంటావిడ నా చేతికే ఇచ్చింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుని చదివాను. మనిషి పోయాక తనకోసం ఎవరు ఏడ్చారో తెలుసుకునే అదృష్టం ఎవరికుంటుంది? నేను తెలుసుకున్నాను. నాకోసం ఏడ్చేవాళ్ళు ఒక ఊరంత ఉన్నారు.

అమ్మమ్మ అడిగినవాటికి జవాబులు. పొడుగే. మరీ నలుపు కాదు. నవ్వితే పై పళ్ళు రెండూ కాస్త ముందుకొస్తాయి. మిగతాది ఆవిడే చూసుకుంటుంది.

మీరు రాయలేకపోయానన్న ఆ ఒక్క అక్షరాన్ని అదే ఉత్తరంలో రాశారు మామయ్యా. అది పట్టుకుని వస్తున్నాను.

మకెలేసి


సువా
25 ఫిబ్రవరి 1970

మామయ్యకు,

ఇంటికి వచ్చేసరికి మీ మూడో తారీకు ఉత్తరం గుమ్మం కింద ఉంది. రావద్దన్న మాట, వెళ్ళి వచ్చాక చదివాను. ముందే చదివి ఉంటే బయలుదేరేదాన్ని కాదు. అందుకని ఆ మిషను పడవ నెమ్మదిగా వచ్చినందుకు సంతోషమే.

మీరు ఒడ్డున నిలబడ్డారు గాని పడవ దగ్గర జరిగింది చూడలేదు. మీ పిల్లలు చెప్పి ఉంటారు. వాళ్ళు తెడ్లతో పడవను పట్టి ఉంచడంలో ఉన్నారు, సగమే విన్నారు. నేనే చెబుతాను.

ఓడ సందుకు బయట ఆగింది. వాన ఎంత పడుతోందంటే దీవి ఒకసారి కనిపించి ఒకసారి పోతోంది. కొబ్బరి ఎక్కించడం కుదరదు, అరగంట చూసి వెళ్ళిపోతాం అన్నాడు కెప్టెన్. ఒడ్డున మనుషులు కనిపిస్తున్నారు. వాళ్ళలో చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డ పొడుగాటాయన మీరేనని సామిసోని చూపించాడు. నేను వచ్చానని అతను ఒడ్డుకు వినపడేలా అరిచి చెప్పినా, అక్కడి నుంచి పడవ నీళ్ళలోకి దిగలేదు. నేను రాకూడనిదాన్నని అప్పుడు అర్థమైంది. కింద గదిలోకి పోయి కూర్చున్నాను.

తరవాత సామిసోని అరిచాడు. పైకొస్తే పడవ కెరటాల్లో లేస్తూ పడుతూ వస్తోంది. మధ్యలో చాపలో చుట్టిన మూట. దగ్గరికొచ్చాక ఆ మూటకు తెల్ల జుట్టు కనిపించింది.

మీరు వద్దంటే అమ్మమ్మ ఏమందో మీ పెద్దవాడు చెప్పాడు. "నీ ఆచారం నేలకే గదరా. సముద్రం ఎవడబ్బ సొమ్ము? నన్ను ఎత్తండి, లేకపోతే డేక్కుంటూ పోతా" అందట. తాడు నిచ్చెన దిగి నేను పడవలో పడ్డాను. ఆవిడ చేతులు చాచి నా ముఖం పట్టుకుంది. నుదురు, కనుబొమలు, ముక్కు, చెంపలు. వాన నీళ్ళు తుడుస్తూ మళ్ళీ మొదటి నుంచి. వేలు పెట్టి నా పళ్ళు తడిమింది. "ఇవి మీ అమ్మవి కావు. నావి" అంది. నేను ఎన్నో చెప్పాలనుకున్నాను. మంచం పట్టినవాళ్ళను వానలో ఎవరు తెచ్చారని నర్సులా కోప్పడ్డాను. ఆవిడ నవ్వింది.

"దిగుతావా? ఈ పడవలోనే పోదాం. ఎవడు ఆపుతాడో చూస్తా" అంది అమ్మమ్మ.

మామయ్యా, నేను మరో అడుగు కూడా వెయ్యనక్కర్లేదు. పడవలోనే ఉన్నాను. ఒడ్డు వైపు చూశాను. మీరు అలాగే వానలో నిలబడి ఉన్నారు. నేను దిగితే ఊరందరి ముందూ మిమ్మల్ని దాటి నడవాలి. "వద్దు. మామయ్య పిలవలేదు" అన్నాను.  "సరే. ముఖం నేను చూశాను. మిగతాది వాడి పని" అంది.

తరవాత చెప్పినది నా చెవిలో చెప్పింది. రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. మీ ఇద్దరి మధ్యనున్నదాన్ని నా దగ్గర దాచుకునే హక్కు నాకు లేదు. ఆవిడ అన్నది ఇది: "వాడి మీద కోపం పెట్టుకోకు. మీ అమ్మను ఆ రోజు ఓడ దాకా పడవలో దింపింది వాడే. మర్నాడు వాడి అరచేతులు పొక్కులెక్కి ఉంటే నూనె రాసింది నేను. వాడు చెప్పలేదు, నేను అడగలేదు. తాతకు తెలిస్తే కొట్టి చంపేవాడు. వాడే అడ్డం నిలబడ్డాడని నువ్వనుకుంటున్నావు. వాడు వాడికే అడ్డం నిలబడ్డాడు."

ఆవిడకు మొదటి నుంచీ తెలుసు మామయ్యా.

మీమీద నాకు కోపం లేదు.

మకెలేసి


వతుసిగా
22 మార్చి 1970

తల్లీ మకెలేసీ,

ఓడ పద్దెనిమిదిన వచ్చింది. నీ ఉత్తరం అప్పుడే చేరింది. అమ్మ పన్నెండో తారీకున పోయింది.

బాధ పడలేదు. ఆ పడవ ప్రయాణం వల్లనే పోయిందని నువ్వు అనుకుంటావని తెలుసు. నర్సువు కదా. అలా అనుకోకు. వచ్చాక మూడు వారాలకు పైగా మీ అత్తయ్యకు నీ ముక్కు గురించి, పళ్ళ గురించి చెప్పి చెప్పి విసిగించింది. ఊళ్ళోవాళ్ళు చూడ్డానికి వస్తే అందరికీ చెప్పింది. నాతో మాత్రం మాట్లాడలేదు. కోపమనుకున్నాను. నేనూ మాట్లాడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న రకం, ఇద్దరమూను.

పూడ్చిన ఆరు రోజులకు నీ ఉత్తరం చదివాను. చదివి కొబ్బరి కొట్టంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. అమ్మ పోయినప్పుడు ఇంటి పెద్దనని నేను ఏడవలేదు. ఆ రోజు ఏడ్చాను.

నీకు చెప్పాలి. మన ఇళ్ళలో అన్నాచెల్లెళ్ళు ఎదురుపడి మాట్లాడుకోరు, మీ అమ్మ చెప్పే ఉంటుంది. ఇదే వానాకాలం. మా నాన్న ప్రార్థనకు వెళ్ళాడు. సలసేని చిన్న మూట పట్టుకుని పడవ దగ్గరికొచ్చి, నాకు వీపు పెట్టి నిలబడింది. అడగలేదు. బయట ఓడ ఉంది, ఓడలో మీ నాన్న ఉన్నాడు. నేను పడవను నీళ్ళలోకి తోశాను. సందు దాటేదాకా తెడ్డు వేశాను. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆ రోజు ఆచారాలన్నీ తప్పాను, అదొక్కటి మాత్రం తప్పలేదు. ఆమె ఏడుస్తోందని భుజాలను బట్టి తెలిసింది. నేను చూసిన ఆఖరి చూపు అదే.

మా నాన్న మణికట్టు పట్టుకుని అడిగినప్పుడు చెప్పవలసింది. ఊఁ అన్నాను. ఒకసారి ఊఁ అన్నాక, దానికి తగ్గట్టు ఎంత గట్టిగా నిలబడితే అంత తప్పు తగ్గుతుందనుకున్నాను. ముప్పై ఆరేళ్ళు అలాగే నిలబడ్డాను. అమ్మ నూనె రాసిన రోజు నాకు బాగా గుర్తుంది. పొక్కులు ఎలా వచ్చాయిరా అని ఏ తల్లయినా అడుగుతుంది. అడగలేదంటే తెలిసే ఉండాలని నాకు తట్టలేదు.

నిన్న అమ్మకు పదో రోజు. ఊరంతా మా ఇంట్లో కూర్చుంది. అందరికీ పంచే యాంగోనా పానీయం కలపకముందే నేను లేచి కొబ్బరి కొట్టంలోకి వెళ్ళి డబ్బా తెచ్చాను. తాబువాను బయటికి తీసి, నా చోట కూర్చోకుండా గుమ్మం దగ్గర, పరాయివాళ్ళు కూర్చునే చోట కూర్చున్నాను. మీ అత్తయ్య వాళ్ళన్న, "బావా, దారి తప్పావు, నీ చోటు పైన" అన్నాడు. కాదు, ఇదే నా చోటు అన్నాను. జరిగిందంతా చెప్పాను. ఆ పడవ నడిపింది నేను కాబట్టి, మా చెల్లెల్ని తీసుకుపోయినవాళ్ళ మనిషిని నేనే అన్నాను. ఈ దంతానికి నోరు లేదన్నది నేనే, ఇదిగో నోరు అన్నాను. తల వంచి చెప్పాను: తప్పయింది. సలసేని కూతురు మకెలేసి ముఖాన్ని మీ ముందుకు తెచ్చాను.

 అందుకోవలసిన ఇంటి పెద్దను నేనే, గుమ్మం దగ్గర కూర్చున్నదీ నేనే. ఎవరు అందుకోవాలో తెలియక మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి మీ అత్తయ్య లేచింది. ఆడవాళ్ళు దంతం అందుకోవడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. వచ్చి రెండు చేతులా తీసుకుంది. "ముఖం మా అత్తగారు ఎప్పుడో చూశారు. మేము చెప్పడమే ఆలస్యమైంది. సరే" అంది. అప్పుడందరూ ఒప్పుకున్నట్టుగా చప్పట్లు కొట్టారు.

నన్ను పెద్దరికం నుంచి దింపాలా వద్దా అని ముసలాళ్ళు ఇంకా తేల్చుకోలేదు. ఏదైనా సరే. మీ అత్తయ్య వాళ్ళన్న నిన్నటి నుంచి నన్ను పరిహాసమాడటం మానేశాడు, అదే నాకు కాస్త వెలితిగా ఉంది.

తరవాత ఆడవాళ్ళు లేచి, అమ్మ పడుకున్నప్పుడు తల ఉండే వైపు, కూతుళ్ళు కూర్చునే చోట తలా కాస్త జరిగారు. ఒక మనిషికి సరిపడా చోటు చేసి అక్కడ చాప వేశారు. సలసేని లేదు కాబట్టి అది నీది. నిన్న సాయంత్రం నుంచి మీ అత్తయ్య ఆ చాప మీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. వానకు ఇల్లు ఇరుకై పాదిరిగారు అటు జరగబోతే ఆయన్నీ లేపేసింది.

నూరో రోజు జూన్‌లో వస్తుంది. జూన్ దాకా ఆగకు తల్లీ. వాన తగ్గేదాకా కూడా ఆగకు. రా.

మామయ్య